పక్కపక్క గేట్లలో ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్లు ఒకదాన్నొకటి చెడగొట్టకుండా ఉండాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన పరిస్థితి ఇది. మేడ్చల్ దగ్గర రెడీమేడ్ బట్టల గోడౌన్, పక్కపక్కనే రెండు లోడింగ్ గేట్లు, ఒక్కో గేటుకు నాలుగు యాంటెన్నాల రీడర్ (ట్యాగులను రేడియో తరంగాలతో చదివే యంత్రం) ఒకటి. ఒక్కో అట్టపెట్టెలో 150 నుంచి 200 చొక్కాలు, ప్రతి చొక్కాకూ ఒక ట్యాగ్ (రీడర్ అడిగితే తన నంబరు చెప్పే చిన్న చిప్). ఏ గేటు ఒక్కటే నడిచినా లెక్క సరిగ్గా వస్తోంది. రెండూ ఆన్ చేస్తే కొన్ని చొక్కాలు అసలు లెక్కకు రావడం లేదు, కొన్ని పక్క గేటు ఖాతాలో పడుతున్నాయి. "ఇన్ని ట్యాగులు ఒకేసారి మాట్లాడితే సిగ్నళ్లు ఢీకొనవా? రీడర్లకు వేర్వేరు ఫ్రీక్వెన్సీ పెడితే సరిపోతుందా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. ట్యాగులు ఒకదానితో ఒకటి ఢీకొనడం మీ సమస్య కాదు. మీ రీడర్లు ఒకదాన్నొకటి అడ్డుకుంటున్నాయి. ట్యాగుల మధ్య ఢీ జరగకుండా చూసే పద్ధతి ప్రమాణంలోనే ఉంది. అది రీడర్, చిప్ తమంతట తామే చూసుకుంటాయి. రీడర్ల మధ్య సర్దుబాటు మాత్రం అమర్చేవాళ్లే చేయాలి. ఫ్రీక్వెన్సీ మార్చడం వల్ల సగం పనే అవుతుంది. ముందు పవర్ తగ్గించండి, తర్వాత రెండు గేట్లకూ వేర్వేరు సెషన్లు (చదివేశామని ట్యాగులో పడే గుర్తులు) ఇవ్వండి, ఆ తర్వాత రెండూ ఒకే క్షణంలో ప్రసారం చేయకుండా చూడండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను. కొంచెం పెద్దదే, కానీ కారణం తెలిస్తే రేపు మూడో గేటు పెట్టినా మీరే సర్దుకోగలరు.

ముందుగా, 200 ట్యాగులు ఎందుకు గందరగోళం కావు?

మీరు వాడేది యూహెచ్‌ఎఫ్ (860 నుంచి 960 మెగాహెర్ట్జ్ రేడియో) ట్యాగులు. ఇవి ఈపీసీ జెన్ 2 అనే ప్రమాణం ప్రకారం, అంటే ట్యాగు, రీడర్ ఎలా మాట్లాడుకోవాలో చెప్పే నియమాల ప్రకారం పనిచేస్తాయి. ఈ ట్యాగుకు బ్యాటరీ లేదు, సొంతంగా ప్రసారం చేసే శక్తీ లేదు. రీడర్ పంపిన తరంగాన్నే తీసుకుని, దాన్ని ఎక్కువగా తక్కువగా తిప్పికొడుతూ జవాబు చెబుతుంది. పక్క ట్యాగ్ మాట్లాడుతోందో లేదో వినే సామర్థ్యం దానికి లేదు. అందుకే "ఎవరూ మాట్లాడనప్పుడు నేను మాట్లాడతాను" అనే పద్ధతి ఇక్కడ కుదరదు. క్రమశిక్షణ మొత్తం రీడరే పెట్టాలి.

రీడర్ మొదట క్వెరీ అనే ఆదేశం ఇస్తుంది. అందులో క్యూ (Q) అనే అంకె ఉంటుంది, 0 నుంచి 15 దాకా. క్యూ 8 అయితే ఈ రౌండులో 256 వంతులు ఉన్నాయని అర్థం (2ను ఎనిమిదిసార్లు గుణిస్తే 256). ప్రతి ట్యాగూ 0 నుంచి 255 లోపు ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. సున్నా వచ్చిన ట్యాగ్ వెంటనే జవాబిస్తుంది. రీడర్ తర్వాతి వంతు అనగానే మిగతావన్నీ తమ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తాయి. అలా ఎవరిది సున్నాకు చేరితే వాళ్ల వంతు.

ఇందులో నాకు బాగా నచ్చే తెలివి ఒకటుంది. వంతు వచ్చిన ట్యాగ్ తన పూర్తి నంబరు వెంటనే చెప్పదు. ముందు 16 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి పంపుతుంది. రీడర్‌కు అది స్పష్టంగా వినబడితే అదే సంఖ్యను తిరిగి చెబుతుంది. తన సంఖ్య విన్న ట్యాగ్ మాత్రమే అప్పుడు తన అసలు ఈపీసీ నంబరును (ఆ వస్తువు గుర్తింపు సంఖ్యను), తప్పు దొర్లితే పట్టుకునే చెక్ బిట్లతో సహా పంపుతుంది. అంటే ఒకే వంతులో రెండు ట్యాగులు పడి ఢీకొన్నా పోయేది ఆ 16 బిట్ల సమయమే. పొడవైన నంబరు ఢీకొని వృథా కావడం చాలా అరుదు. ఢీకొన్న ట్యాగులు తర్వాతి రౌండులో మళ్లీ కొత్త సంఖ్య ఎంచుకుంటాయి.

వంతుల సంఖ్యా, ట్యాగుల సంఖ్యా ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు ఈ పద్ధతి బాగా నడుస్తుంది. అప్పుడు సుమారు 37 శాతం వంతుల్లో ఒక్క ట్యాగే మాట్లాడుతుంది, మరో 37 శాతం ఖాళీగా పోతాయి, మిగతా 26 శాతంలో ఢీ జరుగుతుంది. పావు భాగం ఢీకొనడమా అని కంగారు పడకండి. ఖాళీ వంతు, ఢీకొన్న వంతు రెండూ చాలా పొట్టివి, విజయవంతమైన వంతే పొడవు. కాబట్టి సమయంలో ఎక్కువ భాగం అసలు చదవడానికే పోతుంది. ఢీలు ఎక్కువైతే రీడర్ క్యూ పెంచుతుంది, ఖాళీలు ఎక్కువైతే తగ్గిస్తుంది. ఈ లెక్కకు మూలం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలపడానికి నడిపిన అలోహా నెట్‌వర్క్. అక్కడ పుట్టిన ఆలోచనే వంతులుగా మారి ఇక్కడికి వచ్చింది.

మీ విషయంలో నిరూపణ మీ ప్రశ్నలోనే ఉంది. ఒక్క గేటే నడిచినప్పుడు 200 చొక్కాలూ సరిగ్గా వస్తున్నాయన్నారు. ట్యాగుల ఢీ సమస్య అయితే అప్పుడూ పోవాలి కదా. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో క్యూ విలువను పట్టుకుని తిప్పకండి. దాన్ని ఆటోమేటిక్‌లోనే ఉంచి, మొదటి విలువ 7 గానీ 8 గానీ ఇస్తే చాలు.

ఇక అసలు గొడవ: రీడర్‌కూ రీడర్‌కూ మధ్య

ఇది రెండు రకాలుగా వస్తుంది. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే చాలామంది ఫ్రీక్వెన్సీ మార్చి, ఫలితం రాలేదని నిరాశపడతారు.

మొదటి రకం: పక్క రీడర్ ప్రసారం మీ రీడర్ చెవిలో పడటం. ట్యాగ్ తిప్పికొట్టిన జవాబు రీడర్‌కు చేరేసరికి అది చాలా బలహీనంగా, మైనస్ 60, మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే కొలమానం) స్థాయిలో ఉంటుంది. ఎదురెదురుగా ఉన్న యాంటెన్నాతో పది మీటర్ల దూరం నుంచి వచ్చే పక్క రీడర్ ప్రసారం దానికంటే లక్ష రెట్లో, అంతకు మించో బలంగా ఉంటుంది. రెండూ ఒకే చోట పడితే ట్యాగ్ మాట వినబడదు. దీనికి వేర్వేరు చానళ్లు పనికొస్తాయి. దీనికోసమే జెన్ 2లో డెన్స్ రీడర్ మోడ్ (పక్కపక్కన చాలా రీడర్లున్న చోటికి పెట్టిన అమరిక) ఉంది. అందులో ట్యాగులు మిల్లర్ కోడింగ్ (జవాబు బిట్లను తరంగంగా మలిచే ఒక పద్ధతి) వాడి, తమ జవాబును రీడర్ చానల్ మీద కాకుండా దానికి రెండు పక్కలా, 250 నుంచి 320 కిలోహెర్ట్జ్ దూరంలో పెడతాయి. రీడర్ల గొంతులన్నీ ఒక చోట, ట్యాగుల గొంతులన్నీ మరో చోట. యూరప్ చానళ్లను 600 కిలోహెర్ట్జ్ ఎడంతో పెట్టింది ఇందుకే: 865.7, 866.3, 866.9, 867.5 మెగాహెర్ట్జ్. జవాబులు వాటి మధ్య ఖాళీల్లో పడతాయి. ఇలా చేస్తే రెండు రీడర్లు ఒకే చానల్‌లో ఉన్నా కొంతవరకు నెట్టుకొస్తాయి.

మీ రీడర్ సెట్టింగుల్లో చూడండి. ఎక్కువ వేగం కోసం ఎవరైనా ఎఫ్‌ఎం0 మోడ్ (మరో కోడింగ్ పద్ధతి) పెట్టి ఉంటే, అందులో జవాబు రీడర్ చానల్‌ను ఆనుకునే ఉంటుంది. ఒంటరి రీడర్‌కు అది బాగుంటుంది, పక్కన ఇంకో రీడర్ ఉంటే అదే కొంప ముంచుతుంది. మిల్లర్ 4 మోడ్‌కు మార్చండి. వేగం తగ్గుతుంది, కానీ సెకనుకు వందకు పైగా ట్యాగులు చదవడం దానికీ కష్టం కాదు. ట్రాలీని నడక వేగంతో తోస్తే మీ పెట్టెకు అది సరిపోతుంది.

రెండో రకం ఇంకా మొండిది: ఇద్దరు రీడర్లు ఒకే ట్యాగుతో ఒకేసారి మాట్లాడటం. మన ఇంట్లో రేడియోకు స్టేషన్ మార్చే మీట ఉంటుంది, ట్యాగుకు అది లేదు. 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య ఏది బలంగా పడితే అది వింటుంది. మొదటి రీడర్ 865.7లో, రెండోది 867.5లో ఉన్నా ట్యాగుకు రెండు ఆదేశాలూ ఒకదాని మీద ఒకటి పడినట్టే ఉంటుంది. ఏదీ అర్థం కాక ఊరుకుంటుంది. ఇక్కడ చానల్ మార్చి ప్రయోజనం లేదు. ట్యాగ్ దగ్గర ఒక రీడర్ బలం బాగా తగ్గాలి, లేదా ఆ రీడర్ ఆ క్షణంలో మౌనంగా ఉండాలి. మీ గేట్ల మధ్య నిలబెట్టిన ట్రాలీల్లోని చొక్కాలకు జరుగుతున్నది ఇదేనని నా అంచనా.

పవర్ గురించి ఎందుకంత పట్టుబడతానంటే

నేను చూసిన చాలా చోట్ల రీడర్లన్నీ 30 డీబీఎం మీద, అంటే పూర్తి ఒక వాట్ మీద నడుస్తుంటాయి. డెమో రోజున దూరం నుంచి చదివి చూపించడానికి అలా పెట్టి, అలాగే వదిలేస్తారు. గేటు వెడల్పు మూడు మీటర్లయితే, రెండు పక్కలా యాంటెన్నాలు ఉన్నప్పుడు ఒక్కోటి ఒకటిన్నర మీటర్లు చూస్తే చాలు. పది మీటర్లు చూసే యాంటెన్నా పక్క గేటునే కాదు, వెనక ర్యాకుల్లో ఉన్న సరుకునూ చదివి మీ లెక్కలో కలుపుతుంది.

ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. పవర్‌ను 6 డీబీ తగ్గిస్తే చదివే దూరం ఇంచుమించు సగమవుతుంది. 30 నుంచి 24కు దించి చూడండి. పెట్టె మధ్యలో ఉన్న చొక్కాలు కూడా వస్తున్నాయా అని పరీక్షించండి. రాకపోతే ఒక్కో డీబీ పెంచుతూ వెళ్లండి, వచ్చిన చోట ఆపి, దాని మీద రెండు డీబీ మిగులు ఉంచండి. ఒక చెప్పుల గోడౌన్‌లో మూడు గేట్లకు ఈ ఒక్క పనితోనే పక్క గేటు రీడింగులు చాలావరకు పోయాయి. వాళ్లు అప్పటికే కొత్త రీడర్లు కొనడానికి కొటేషన్ తెప్పించుకున్నారు.

యాంటెన్నాను కొంచెం లోపలికి, కొంచెం కిందికి వంచండి. ఎదుటి గేటు వైపు సూటిగా చూడకూడదు. రెండు గేట్ల మధ్య గోడ లేదన్నారు కాబట్టి ఇనుప జాలి తెర ఒకటి పెట్టొచ్చు. ఈ ఫ్రీక్వెన్సీలో తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు, కాబట్టి అంగుళం కన్నుల కోళ్లఫారం జాలి కూడా బాగానే ఆపుతుంది. ఖరీదైన షీటు అక్కర్లేదు. అయితే లోహం తరంగాన్ని తిప్పికొడుతుంది కూడా. పవర్ తగ్గించకుండా జాలి పెడితే మీ గేటులోనే కొత్త ప్రతిబింబాలు మొదలవుతాయి. అందుకే వరుస ముఖ్యం: ముందు పవర్, తర్వాత జాలి.

సెషన్లు: మీ చొక్కాలు మాయమయ్యేది ఇక్కడేనేమో

దీన్ని శ్రద్ధగా చదవండి. మీరు చెప్పిన లక్షణాలకు ఇది సరిగ్గా సరిపోతుంది.

ప్రతి ట్యాగులోనూ సెషన్ 0 నుంచి సెషన్ 3 దాకా నాలుగు వేర్వేరు గుర్తులు ఉంటాయి. ఒక్కో గుర్తు ఎ లేదా బి స్థితిలో ఉంటుంది. రీడర్ "సెషన్ 2లో ఎ స్థితిలో ఉన్నవాళ్లు రండి" అంటుంది. చదవడం అయిపోయిన ట్యాగ్ బి లోకి మారి ఊరుకుంటుంది. దాంతో బలంగా వినిపించే బయటి చొక్కాలు పక్కకు తప్పుకొని, పెట్టె మధ్యలో బలహీనంగా ఉన్నవాటికి అవకాశం వస్తుంది. ఇది మంచి పద్ధతి. సెషన్ 0 పెడితే పవర్ పోగానే గుర్తు చెరిగిపోతుంది. రీడర్ యాంటెన్నా మారినప్పుడల్లా అవే ట్యాగులు మళ్లీమళ్లీ మాట్లాడుతుంటాయి, లోపలివి వెనకబడతాయి.

సెషన్ 2, 3 లలో ఆ బి గుర్తు ట్యాగుకు శక్తి అందినంతసేపూ ఉంటుంది. శక్తి ఆగాక కూడా కనీసం రెండు సెకన్లు, చిప్‌ను బట్టి అంతకంటే చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. ఇప్పుడు మీ గోడౌన్ ఊహించుకోండి. రెండో గేటు వైపు వెళ్తున్న పెట్టెలో కొన్ని చొక్కాలను మొదటి గేటు దూరం నుంచే చదివేసింది. అవి బి లోకి వెళ్లాయి. పెట్టె రెండో గేటులోకి వచ్చింది. ఆ రీడరూ సెషన్ 2లోనే "ఎ ఉన్నవాళ్లు రండి" అంటోంది. ఆ చొక్కాలు నోరు విప్పవు! రెండో గేటులో మాయం, మొదటి గేటు ఖాతాలో హాజరు. మీరు రాసింది ఇదే కదా.

దీనికి మందు సులువు. మొదటి గేటుకు సెషన్ 2, రెండో గేటుకు సెషన్ 3 ఇవ్వండి. గుర్తులు వేరు కాబట్టి ఒక రీడర్ చదివినా రెండోదాని లెక్క చెడదు. మూడో గేటు వస్తే దానికి సెషన్ 1 ఇవ్వొచ్చు. అందులో గుర్తు అర సెకను నుంచి ఐదు సెకన్ల లోపు దానంతట అదే ఎ కు తిరిగి వస్తుంది. కానీ జాగ్రత్త, సెషన్లు వేరు చేసినంత మాత్రాన ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చని కాదు. ఇందాక చెప్పిన రెండో రకం గొడవ అలాగే ఉంటుంది.

వంతులవారీ ప్రసారం

ఆ గొడవకు మందు సమయం పంచుకోవడమే. ఒకే రీడర్‌కు ఉన్న నాలుగు యాంటెన్నాలు ఎప్పుడూ ఒకదాన్నొకటి చెడగొట్టవని గమనించారా? రీడర్ ఒక సమయంలో ఒక యాంటెన్నాకే పవర్ ఇస్తుంది. కాబట్టి మీ రెండు గేట్లలో ఒకేసారి లోడింగ్ జరగడం తక్కువైతే, ఒకే రీడర్‌కు రెండు యాంటెన్నాలు ఇటు, రెండు అటు కలిపితే సగం తలనొప్పి పోతుంది. రెండు గేట్లూ రోజంతా బిజీ అయితే ఇది కుదరదు, చదివే సమయం సగానికి పడిపోతుంది. కేబుల్ పొడవు పెరిగితే పవర్ కూడా కొంత దారిలోనే పోతుంది.

రెండు రీడర్లు ఉంచుకోవాలంటే గేటుకు ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టి రీడర్ ఇన్‌పుట్ పోర్టుకు కలపండి. ట్రాలీ గీత దాటినప్పుడే రీడర్ ఆన్ కావాలి, దాటాక ఆగాలి. రోజంతా ఊరికే ప్రసారం చేసే రీడర్ పక్కవాళ్లకు నష్టమే తప్ప మీకు లాభం లేదు. ఈ చిన్న సెన్సర్ విలువ చాలామంది గుర్తించరు. నేనైతే సెన్సర్ లేని గేటుకు పని ఒప్పుకోవడానికి వెనకాడతాను.

మిగిలిన పక్క రీడింగులను సాఫ్ట్‌వేర్‌లో తేల్చొచ్చు. ఒక ట్యాగును రెండు గేట్లూ చదివితే ఎక్కడ ఎక్కువసార్లు, ఎక్కువ సిగ్నల్ బలంతో వచ్చిందో చూడండి. బలం ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి, షట్టర్ నుంచి తిరిగొచ్చిన తరంగం ఒక్కోసారి దూరపు ట్యాగును దగ్గరగా చూపిస్తుంది.

ఫ్రీక్వెన్సీ మారుస్తానన్నారు కాబట్టి ఒక హెచ్చరిక

మన దేశంలో ఈ పనికి లైసెన్సు లేకుండా వాడుకోమని 2005లో ఇచ్చింది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్. రీడర్ పవర్ ఒక వాట్ దాకా, చానల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్. 2021లో దాన్ని 868 దాకా పెంచారు. అమెరికా నుంచి గానీ ఆన్‌లైన్‌లో చవగ్గా గానీ తెప్పించిన రీడర్లు 902 నుంచి 928 మధ్య గెంతుతూ పనిచేసేలా వస్తాయి. సెట్టింగుల్లో రీజియన్ మార్చి "ఇక్కడ చానళ్లు ఎక్కువున్నాయి, ఢీలుండవు" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి వినకండి. మన దగ్గర 890 నుంచి 915 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే చోటు. అక్కడ ప్రసారం చేయడం చట్టవిరుద్ధం, పైగా చుట్టుపక్కల వాళ్ల ఫోన్లు దెబ్బతింటాయి.

ఢీకొన్నట్టు కనిపించి, ఢీకొనడం కానివి

పై పనులన్నీ చేశాక కూడా పెట్టెకు రెండు మూడు చొక్కాలు తగ్గుతుంటే వేరే కారణాలు వెతకాలి. పలచటి చొక్కాలు మడతపెట్టి పేర్చినప్పుడు ట్యాగులు సెంటీమీటరు లోపు ఎడంలో ఒకదానిమీద ఒకటి సరిగ్గా వస్తే, వాటి యాంటెన్నాలు ఒకదాన్నొకటి శ్రుతి తప్పిస్తాయి. ఒక కాలేజీ లైబ్రరీలో ఇదే చూశాను. అక్కడివి 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగులు. పలచటి పుస్తకాలన్నింటికీ వెనక అట్ట మీద ఒకే మూలలో అతికించారు, దొంతరగా పెడితే చదవడం లేదు. ట్యాగులను మూడు వేర్వేరు ఎత్తుల్లో అతికించాక సరైంది. మీరూ ప్యాకింగ్ వాళ్లతో మాట్లాడి, ట్యాగ్ సగం చొక్కాలకు కాలరు వైపు, సగానికి కింది వైపు వచ్చేలా పెట్టించి చూడండి.

ఇంకోటి, గాలిలో కొన్ని చోట్ల నేరుగా వచ్చిన తరంగం, నేల నుంచి తిరిగొచ్చినది ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అక్కడ ఆగిన ట్యాగ్ దగ్గరున్నా చదవబడదు, పది పదిహేను సెంటీమీటర్లు జరిపితే వస్తుంది. అందుకే గేటులో పెట్టెను నిలబెట్టకుండా కదులుతుండగా చదవడం మేలు.

చివర్లో మీరు ఫాస్టాగ్, మెట్రో కార్డు ఎలా నెట్టుకొస్తున్నాయని కూడా అడిగారు. ఫాస్టాగ్ కూడా మీది లాంటి యూహెచ్‌ఎఫ్ ట్యాగే. టోల్ లేనులో ఒకటి రెండు ట్యాగులే ఉంటాయి కాబట్టి వాటి మధ్య ఢీ పెద్ద లెక్కలోది కాదు. పక్క లేను కారును చదవకుండా ఉండటమే అక్కడ కష్టం. దాన్ని పైనుంచి కిందికి వంచిన యాంటెన్నా, అదుపులో ఉంచిన పవర్, కారు వచ్చిందని చెప్పే సెన్సర్‌తో సర్దుతారు. అంటే మీకు చెప్పిన మందులే. మెట్రో, బ్యాంకు కార్డుల సంగతి వేరు. వాటిలో బాగా వాడుకలో ఉన్న రకంలో రెండు కార్డులు ఒకేసారి నంబరు చెబితే, ఏ బిట్ దగ్గర తేడా వచ్చిందో రీడర్ కచ్చితంగా పట్టుకుని, ఒక వైపు వాటినే మళ్లీ అడిగి ఒక్కదాన్ని వేరు చేయగలదు. అయినా పర్సులో రెండు బ్యాంకు కార్డులు ఆనిస్తే పేమెంట్ మెషిన్ ఒప్పుకోదు. ఏ ఖాతాలోంచి డబ్బు తీయాలో యంత్రం ఊహించకూడదు కాబట్టి కావాలనే అలా పెట్టారు.

ఈ క్రమంలో చేయండి: ముందు రెండు రీడర్లనూ 24 డీబీఎంకు దించి మిల్లర్ 4 పెట్టండి, అదే రోజు సెషన్లు 2, 3 గా వేరు చేయండి. డబ్బు ఖర్చు లేని పనులివి, ఒక పూటలో అయిపోతాయి. ఫలితం చూశాకే సెన్సరు, జాలి కొనండి. అప్పటికీ తగ్గకపోతే రీడర్ మోడల్, గేట్ల మధ్య దూరం, ఒక పెట్టెకు రెండు గేట్లలోనూ వచ్చిన రీడింగుల లాగ్ (సిగ్నల్ బలంతో సహా) ఇక్కడే పెట్టండి. చూసి చెబుతాను.